హాప్సలు బురద, మా అత్తగారి మోకాళ్ళు

మా అత్తగారి మోకాళ్ళు పట్టుకుపోయిన ఏడే మా ఇంట్లో ఎస్తోనియా మాట మొదలైంది. అంతకు ముందు మాకు తెలిసిన దూరదేశం మద్రాసు. నేను కాపురానికి వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళు. విడవలూరు దగ్గర పల్లె మాది. ఇంటి వెనక వరిమళ్ళు, వాటి దిగువన ఉప్పుటేరు, ఏటికవతల ఇసుకదిబ్బలు, ఆపైన సముద్రం. గాలి తూర్పు నుంచి తిరిగిందంటే ఉతికి ఆరేసిన చీర కూడా ఉప్పగా ఆరేది.

మోకాళ్ళంటే ఇప్పటి పిల్లలకు నొప్పి సంగతిగా తోస్తుంది. మా ఇంట్లో అది అధికారం సంగతి. పొయ్యి నేలమీద ఉండేది. దాని ముందు గొంతుక్కూర్చుని ఊదగలిగిన మనిషిదే వంటిల్లు. నూనె జాడీ మూత ఎవరు తియ్యాలి, చింతపండు ఎంత నానెయ్యాలి, చేపతల ఎవరి కంచంలో పడాలి, అన్నీ అక్కడే తేలిపోయేవి. మా అత్తగారు కొత్త కోడలిగా ఉన్నప్పుడు పట్టిన గరిటె మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. నేను వచ్చిన తరవాత నాకిచ్చింది చేట.

ఒకరోజు ఆమె అన్నం వార్చబోయి, కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టి లేపాం. లేచాక ఆమె మొదట చూసింది మోకాళ్ళ వంక కాదు, నా వంక.

"సంతోషమా మే?" అంది.

"నాకేం సంతోషం అత్తా. గంజంతా ఒలికిపోయింది," అన్నాను. అబద్ధమేం లేదు. అది బర్రెకు పొయ్యాల్సిన గంజి.

ఆముదం పూశాం. వావిలాకు వేయించి కాపడం పెట్టాం. నెల్లూరు డాక్టరు మాత్రలిచ్చి, నేల కూర్చోవద్దని చెప్పి పంపాడు. నేల కూర్చోకుండా అన్నం ఎట్లా ఉడుకుతుందో మాత్రం చెప్పలేదు. చివరికి ఎదురింటి వదిన ముందు మా అత్తగారు తెగేసి చెప్పింది: "ఉగాది దాకా చూస్తా. అప్పటికీ మోకాళ్ళు వొంగకపోతే, బొబ్బట్లు నా కోడలే కాలుస్తాది. వంటిల్లు దానికే." ఆ 'దానికే' అనడంలో ఇల్లు తాకట్టు పెడుతున్నంత దుఃఖం ఉంది.

మా ఆయనకు సేద్యం ఒక పిచ్చి, చదువు ఒక పిచ్చి. సాయంత్రమైతే సైకిలెక్కి విడవలూరు గ్రంథాలయానికి పోయేవాడు. అక్కడికి రష్యావాళ్ళ బొమ్మల పత్రిక ఒకటి తెలుగులోనే వచ్చేది. పాతబడినవి అడిగి ఇంటికి తెచ్చేవాడు. ఆ కాయితం అరిటాకు మాదిరి నున్నగా, గట్టిగా ఉండేది. అలమర అరల్లో పరిస్తే ఏడాదిదాకా చిరిగేది కాదు. చదవడం అయిపోగానే నాకిచ్చెయ్యాలని మాకు ఒప్పందం. నేను చదివింది మూడో తరగతే అయినా, పప్పుడబ్బాల కింద పరిచిన ఆ కాయితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, ట్రాక్టర్ల గురించీ బీట్‌రూట్ల గురించీ చాలానే తెలుసుకున్నాను.

ఒక సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని పత్రిక తెరిచాడు. మా అత్తగారు కాళ్ళు చాపుకొని గోడకు ఆనుకుంది. ఎదురింటి వదిన బియ్యం చేటతో సహా వచ్చి చేరింది.

"ఎస్తోనియా అని ఒక దేశం. దాంట్లో పడమటి తీరాన హాప్సలు అని చిన్న ఊరు. సముద్రం ఊరికి మూడు పక్కలా ఉంటాదంట. లోతు లేదు, మోకాటి బంటి. చలికాలంలో గడ్డకట్టిపోతే దానిమీద బండ్లు తోలతారంట."

"సముద్రం మీద బండ్లా," అంది వదిన. "ఎద్దులకు జారదా?"

"గుర్రాలు."

"గుర్రాలకు మాత్రం జారదా?"

మా ఆయన ఆ ప్రశ్న దాటేసి ముందుకు పోయాడు. ఆ సముద్రంలో నదులు చాలా కలుస్తాయట, అందుకని నీళ్ళు పెద్దగా ఉప్పగా ఉండవట. "ఉప్పు లేని సముద్రమెందుకు, పప్పులోకా?" అంది మా అత్తగారు. అక్కడి ఆడవాళ్ళు సన్నటి ఉన్ని దారంతో శాలువాలు అల్లుతారట. మంచం దుప్పటంత శాలువా కూడా పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోతుందట.

"ఉంగరంలో దూరేది చలినేం ఆపతాదిరా?" అంది ఆమె. నాకూ అదే అనుమానం వచ్చింది. అడగడానికి ఆమె ముందుంది.

ఊరి నడుమ పాత కోట ఉంది. పూర్వం అందులో క్రైస్తవ మతగురువులు ఏలేవాళ్ళు. ఆడది లోపలికి అడుగు పెట్టకూడదని కట్టడి. ఒక పిల్ల, తను మనసుపడిన వాడికోసం మగవేషం వేసుకుని పాటగాళ్ళలో కలిసి లోపలికి పోయింది. దొరికిపోయింది. ఆ పిల్లను బతికుండగానే గోడలో పెట్టి కట్టేశారు. ఇప్పటికీ ఆగస్టు పున్నమికి కోటలోని చర్చి కిటికీలో తెల్లగా ఆమె ఆకారం కనబడుతుందట. ఊరంతా పోయి చూస్తారట.

వదిన చేట కింద పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. మా అత్తగారు మాత్రం, "ఆ పిల్లకు వంటొచ్చా?" అంది.

"అది రాయలేదమా."

"వచ్చుంటే గోడలో పెట్టుండరులే. వండేదాన్ని ఎవురు పోగొట్టుకుంటారు."

తరవాత రైలు స్టేషను వచ్చింది. చిన్న ఊరే అయినా, ప్లాట్‌ఫారం పొడుగునా కప్పు వేసి కట్టారట, రష్యా చక్రవర్తి దిగేటప్పుడు తల తడవకుండా. బొమ్మ కూడా ఉంది, చెక్కతో జిలుగు పనులు చేసిన స్తంభాలు.

"మన కావలి టేషన్లో నిలువెండ," అంది వదిన. "అయినా అంత చిన్న ఊరికి చక్రవర్తికేం పని?"

"బురదకు," అన్నాడు మా ఆయన.

అప్పటిదాకా గోడకు ఆనుకున్న మా అత్తగారు ముందుకు వంగింది.

అక్కడి తీరంలో నల్లటి మెత్తటి బురద ఉంటుందట. వెనక ఎప్పుడో ఒక వైద్యుడు, కీళ్ళనొప్పులున్న ఊరివాళ్ళు ఆ బురదలో కూర్చుంటూ ఉండడం చూసి, దాన్ని వేడిచేసి పూసే ఆసుపత్రి పెట్టించాడట. అప్పటినుంచీ గొప్పగొప్ప వాళ్ళు రైళ్ళెక్కి వచ్చేవాళ్ళట. కర్రతో వచ్చినవాళ్ళు కర్ర లేకుండా పోయేవాళ్ళట.

"ఎట్టుంటాదంట ఆ బురద?"

"నల్లగా, జిగటగా. కాస్త కంపంట."

"మన ఏట్లో ఉండేది ఇంకేంది మరి," అంది మా అత్తగారు. ఆ రాత్రి ఆమె అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

మర్నాడు చేపల గంప దించిన ఆమెను పిలిచి సంగతి చెప్పింది. ఆ చేపలామె తీరాన జాలర్లుండే పట్టపుపాలెం మనిషి, నోరు మంచిది కాదు.

"బురదా? మేం కాళ్ళు కడుక్కొని వొదిలేసేది మీకు కావాల్నా పెద్దమ్మా?"

"కొత్తది తే. కాళ్ళు కడిగింది కాదు."

"ఏరకం? గుల్లల్తోనా, గుల్లల్లేకుండానా?"

"ఏరి తే."

"రేపు శనివారం. నువ్వు చేపలు కొనవు. గంప ఖాళీనే గదా, బురద తెస్తాలే," అని మానెడు వడ్లకు బేరం కుదుర్చుకుని పోయింది. బురదకు వడ్లివ్వడం ఆ ఊళ్ళో మా ఇంట్లోనే మొదలు.

శనివారం పొద్దెక్కాక గంప దిగింది. నేను బర్రెలకు ఉలవలు ఉడికించే పాత కుండ పెరట్లో పెట్టి, పిడకలూ తాటిమట్టలూ రాజేశాను. మంచి కట్టెలు బురదకింద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. కుండ వేడెక్కేకొద్దీ కంపు లేచింది. ఎండిన రొయ్యలు, మురిగిన నాచు, పడవ అడుగు, అన్నీ కలిపి ఉడికిస్తే వచ్చే కంపు అది. ముందు మా పిల్లి వచ్చింది. తరవాత మాకు తెలియని పిల్లులు వచ్చి గోడమీద వరసగా కూర్చున్నాయి. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏందత్తా, శనివారం పూట చేపల పులుసు పెట్టినావా?"

శనివారం చేప ముట్టనని తిరుపతి కొండకు మొక్కుకున్న మనిషి మా అత్తగారు. ఆమె ఒక్క క్షణం గింజుకుంది. మొక్కుకూ మోకాళ్ళకూ నడుమ ఏం లెక్కలు కట్టుకుందో గాని, "నా నోరు తినలా. మోకాళ్ళు తినబోతా ఉండాయి. వాటికి మొక్కు లేదు," అని కాళ్ళు చాపింది.

మా ఆయన ఒక చేత్తో పత్రిక పట్టుకుని, అందులో రాసినట్టే పూయమన్నాడు. బెత్తెడు మందాన పూసి, పాత పంచె చింపి చుట్టాను. ఆమె కళ్ళు మూసుకుని పడుకుంది. చక్రవర్తులు ఇట్లాగే పడుకున్నారని మా ఆయన చెప్పాడు.

కాసేపటికి కళ్ళు తెరిచింది.

"చుర్రుమంటా ఉండాదిరా."

"పని చేస్తా ఉండాదమా."

"మండతా ఉండాది."

"రోగం బయటికి పోవాలి గదా. ఓర్చుకో."

ఓర్చుకుంది. పెదవి కొరుక్కుంది. గోవిందా అంది. ఆ తరవాత ఉన్నట్టుండి, గోడ పట్టుకోకుండా, మా ఇద్దరి చేతులూ పట్టుకోకుండా, ఒక్క ఊపున లేచి బావి దగ్గరికి పరుగు తీసింది. గోడమీది పిల్లులన్నీ చెల్లాచెదురయ్యాయి.

మా ఆయన పత్రిక పట్టుకుని నిలబడిపోయాడు. "చూసినావా మే? ఎవురూ పట్టకుండానే లేచింది."

"లేవలేదు. పారిపోయింది," అన్నాను. పోయి నీళ్ళు తోడి పోశాను. మోకాళ్ళు రెండూ టమాటా పళ్ళలా ఉన్నాయి.

"ఆ సముద్రంలో ఉప్పు లేదని మీరే చదివితిరి గదా," అన్నాను ఆయనతో. "మన ఏరు పక్కన ఉప్పు పండిస్తారు. ఎండలు ముదిరేకొద్దీ ఏట్లో ఉప్పు చిక్కబడతాది. ఉప్పు చేపను ఎట్టా ఊరేస్తారో అట్టా ఊరేసినాం అత్తను."

ఆయన పత్రిక వెనక్కి తిప్పి చూసుకున్నాడు. మిగిలిన బురద పారబొయ్యమన్నాడు. మానెడు వడ్లు పోసిన బురద నేను ఎందుకు పారబోస్తాను? చల్లార్చి కొబ్బరిచెట్ల మొదళ్ళలో వేశాను. కొబ్బరికి ఉప్పంటే ప్రాణం. ఆ మరుసటేడు కాయ బాగా దిగింది.

మంట వారానికి తగ్గింది. నొప్పి తగ్గలేదు. ఉగాది దగ్గరపడింది, పొయ్యి ముందు నేను కూర్చోవడం మొదలైంది. వంటిల్లు చేతికి వస్తుందంటే ఏ కోడలికైనా లోపల కాస్త పొంగు ఉంటుంది. నాకూ ఉండింది, మూడు రోజులు. అత్తగారు గడప అవతల ఎత్తు పీట వేయించుకుని కూర్చుంది.

"నూనె అంతా?" "అంత సన్నంగా తరిగితే ముక్క యాడ కనబడతాది?" "మంట తగ్గించు మే, కొంపంటిస్తావా?" "పోపు మాడింది." మాడలేదని చూపిస్తే, "మాడేది," అనేది.

వంట చేస్తున్నప్పుడు ఆమె నోరు పనిలో పడి ఊరుకునేది. ఇప్పుడు ఆమెకు పని లేదు, నోరొక్కటే మిగిలింది. ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడే నేను సుఖంగా ఉన్నానని అప్పుడు తెలిసొచ్చింది.

ఉగాదికి ఇల్లు దులుపుతూ, అరల్లో కాయితాలు మారుస్తూ ఆ హాప్సలు పత్రికే విప్పాను. చివరి పుటలో, మేం అప్పటిదాకా పట్టించుకోని బొమ్మ ఒకటి ఉంది. శాలువాలు అల్లే ముసలామె తన వంటింట్లో ఉంది. తలకు గుడ్డ, ముందు పొయ్యి. పొయ్యి ఆమె నడుమెత్తున ఉంది. నిలబడే కలుపుతోంది. ఆ ఊళ్ళో ఎవరూ నేలమీద కూర్చోరు. కుర్చీల మీద కూర్చుంటారు, నిలబడి వండుతారు. చక్రవర్తి రైలెక్కి పోయింది బురద కోసమే కావచ్చు. మాకు పనికొచ్చేది ఇది.

మా ఆయనకు చూపించాను. ఆయన ఆ పూటే చెరువు మట్టి తోలించాడు. ఊక కలిపి తొక్కి, పాత ఇటుకముక్కలు లోపల వేసి, దిమ్మె కట్టాడు. కొలత మాత్రం తన నడుముకు తీసుకున్నాడు. అది ఆరాక పొయ్యి పెట్టి, పొయ్యిమీద అన్నం కుండ పెట్టి అత్తగారిని నిలబెడితే, కుండ మూతి ఆమె గడ్డం దగ్గరికి వచ్చింది.

"దీంట్లో ఏముండాదో చూడాలంటే మెట్లు కట్టించాల్నా?" అంది ఆమె.

గడ్డపార తెచ్చి నేనే చెక్కాను. ఆమె పక్కన నిలబడి "ఇంకా, ఇంకా" అంటూ చెక్కించుకుంది. నిలబడి వండితే కూర రుచి పోతుందని, నడవడిలేని వాళ్ళ పద్ధతని సణుగుతూనే, చెక్కిన చోటల్లా అరచేత్తో సాపు చేసింది.

ఉగాది తెల్లవారి తలంటుకుని వంటింట్లోకి వచ్చింది. నేను పెనం అందుకోబోయాను. నా చేతిలోంచి లాక్కుని దిమ్మె మీది పొయ్యికి ఎక్కించింది. నెయ్యి గిన్నె తన కుడిచేతి పక్కన పెట్టుకుంది. మొదటి బొబ్బట్టు తిరగేసి, అది చిరగకపోయేసరికి, వచ్చిన వదినకు వినబడేట్టు, "నిలబడి వండుకుంటే పోలా అని నాకే తోచింది," అంది.

మా ఆయన నా వంక చూశాడు. నేను పూర్ణం గిన్నె తీసుకుని ఆమె పక్కనే నిలబడబోయాను.

"నువ్వు నిలబడేదెందుకు? కింద కూచ్చొని ఉండలు చెయ్. నీకు మోకాళ్ళు బాగుండాయి గదా."

కూర్చున్నాను. పైనుంచి ఆమెకు నా చేతులు రెండూ ఇంకా బాగా కనబడుతున్నాయి.

"అంత లావుండ అయితే పిండి చాలదు," అంది. "తగ్గించు."