వాటర్‌ప్రూఫ్ పెళ్ళి

ఒక పెన్ను మనిషి పరువును ఎంతవరకు తీయగలదో తెలుసుకోవాలని ఉన్నవాళ్ళు కాసేపు నా దగ్గర కూర్చోండి. నా పెన్ను ఒక్క పూటలో ఒక ప్రభుత్వ కార్యాలయం పని ఆపేసింది, ముక్కూ మొహం తెలియని జంటల చేత నన్ను తిట్టించింది, నా పెళ్ళిని రెండుసార్లు ప్రమాదంలో పడేసింది. ఇందులో నా తప్పెంతో మీరే తేల్చండి. నా ఉద్దేశంలో అయితే ఏమీ లేదు.

ముందు మా వంశం గురించి రెండు ముక్కలు. వద్దన్నా చెబుతాను. ఒకప్పుడు మా ముత్తాతగారి సంతకం లేనిదే చుట్టుపక్కల ఊళ్ళలో చెరువు తూము తెరిచేవారు కాదు. ఇప్పుడు నేను బన్సీలాల్‌పేట్‌లో ఒక మేడమీద రెండు గదుల్లో అద్దెకుంటున్నాను. కిందికి దిగి ఇంటివాళ్ళను బతిమాలితే తప్ప మోటారు వేయరు, కుళాయిలో నీళ్ళు రావు. భూములు పోయాయి, కోటలాంటి గడీ పోయింది, దివాణంలోని షాండిలియర్ ఎవరింట్లో వేలాడుతోందో కూడా తెలియదు. నాకు మిగిలినవి నిటారైన వెన్ను, తాతగారి పెన్ను.

నల్లటి ఎబొనైట్, అంటే గట్టిపరిచిన రబ్బరు, పెన్ను. బాగా చుట్టిన చుట్టంత లావు. దానికి రీఫిల్ గీఫిల్ ఉండవు. మెడ విప్పి, చుక్కల గొట్టంతో సిరాను నేరుగా పొట్టలో పోయాలి.

ఆదివారాల్లో క్లాక్ టవర్ దగ్గరి ఒక హోటల్లో మేం కొందరం ఫౌంటెన్ పెన్నుల అభిమానులం కలుస్తాం. బయటివాళ్ళు మమ్మల్ని వేరే మాటతో పిలుస్తారు, దాన్ని నేను రాయను. మా చర్చ ఎప్పుడూ ఒకటే: రోజువారీ రాతకు ఏ పెన్ను, ఏ సిరా? పార్లమెంటులో కూడా అంత కోపంగా మాట్లాడుకోరు. మాలో పెద్దమనిషి యాదగిరి అన్న. బ్యాంకులో ఆఫీసరు. నన్ను 'దొరా' అంటాడు. అందులో గౌరవం ఎంతో వెక్కిరింత ఎంతో నేను కొలిచి చూడలేదు.

"జెర నా మాట ఇను దొరా," అన్నాడొకసారి. "రోజు రాసేటోనికి సన్న పాళీ, జల్ది ఆరే నీలం ఇంకు. గంతే. అంగీకంటితే పోవాలె, చెయ్యి కడిగితే పోవాలె."

"చెయ్యి కడిగితే పోయేదాన్ని సాంబారు అంటారు, సిరా అనరు," అన్నాను.

నా సిరా వేరు. నెలల తరబడి వెతికి తెప్పించుకున్న వాటర్‌ప్రూఫ్ నలుపు. వానలో నానినా, వరదలో మునిగినా అక్షరం చెదరదని సీసా మీదే రాసి ఉంది. సంతకం అంటే మనవల కాలందాకా నిలవాలి కదా!

"గా ఇంకు ఎండితే పెన్ను గొంతుల సిమెంటు పోసినట్టే," అన్నాడు యాదగిరి అన్న. "ఇంగొకటి. ఇసుంటి పెన్నుల ఇంకు ఎప్పుడు నిండ ఉండాలె. అడుగున జెరంత పోసి జేబుల పెట్టుకుంటవనుకో, ఒంటి వేడికి లోపలి గాలి ఉబ్బుతది, పెన్ను ఇంకు కక్కుతది."

"మా ఇంటి వస్తువులు కక్కవు," అని చెప్పి లేచి వచ్చేశాను.

అలాంటి రోజుల్లో నాకు సునందతో పెళ్ళి కుదిరింది. కుదిరింది అనడం కంటే సునంద కుదిర్చింది అనడం న్యాయం. ఆమె, నేను ఒకే ఆఫీసు. వాళ్ళ నాన్న కోటేశ్వరరావుగారిది గుంటూరు వైపు. ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడి, విత్తనాలు పురుగుమందుల వ్యాపారం చేస్తారు. మా వంశచరిత్ర మొదలుపెట్టి ముత్తాతగారి దాకా వచ్చేసరికి ఆయన, "అదంతా సరే బాబూ, ఇప్పుడేంటి?" అని అడిగారు. నేను వాళ్ళ గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను.

పెళ్ళి మా వంశానికి తగ్గట్టు చేసే స్తోమత నాకు లేదు. తగ్గించి చేసే ఉద్దేశమూ లేదు. అందుకని రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి, మామగారింట్లో భోజనాలు అనుకున్నాం. కోటేశ్వరరావుగారు పంచాంగం చూసి ఒక షరతు పెట్టారు.

"పన్నెండు లోపు అయిపోవాలి బాబూ. ఆ తర్వాత వర్జ్యం. ఆ మర్నాటి నుంచి ఆషాఢం. ఆ రోజు దాటిందా, మళ్ళీ శ్రావణం దాకా ఆగాలి. అప్పటికి మా అమ్మాయి మనసెలా ఉంటుందో, నా మనసెలా ఉంటుందో!"

ఆయన మనసెలా ఉంటుందో నాకు బాగా తెలుసు. గుంటూరులో ఎవరో కోల్డ్ స్టోరేజీ వాళ్ళబ్బాయి ఆయన మనసులో అప్పటికే చల్లగా నిలవ ఉన్నాడు.

పెళ్ళిరోజు పొద్దున పెన్నులో సిరా పోశాను. ఎంత పోశానంటారా? అడుగు తడిసేంత. ఒక్క సంతకానికి పొట్ట నిండా తాగించాలా? అది పెన్నా, ఎడారి దాటబోయే ఒంటెనా? సీసా మాత్రం సంచిలో పెట్టుకున్నాను. సాక్షులుగా వచ్చేవాళ్ళు కూడా మంచి సిరాతో సంతకం పెట్టుకుని బాగుపడతారని నా ఆశ.

ఆఫీసు హాలు పెళ్ళిబట్టలతో, చెమటతో నిండిపోయి ఉంది. ఫ్యాను తిరుగుతోంది గానీ ఎవరి కోసం తిరుగుతోందో తెలియదు. తెల్ల చొక్కా మీద కోటు తొడుక్కుని, గుండెకు ఆనించి జేబులో పెన్ను పెట్టుకుని నిలబడ్డాను. మా వంశంలో ఎవరూ బెంచీ మీద ఇరుక్కుని కూర్చోరు.

"ఏవండీ, చొక్కా మీద అదేంటి?" అంది సునంద.

చూసుకున్నాను. గుండె దగ్గర నల్లమచ్చ. పావలాబిళ్ళంత ఉన్నది చూస్తూండగానే పూరీ అంత అయింది. గభాలున పెన్ను తీసి క్యాప్ విప్పాను. అది నా రెండు అరచేతుల్లోకీ బళ్ళున కక్కింది. అంత తక్కువ సిరా పోస్తే అంత ఎక్కువ ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాని విషయం. కారుతున్నదాన్ని కుడిచేత్తో ఆపాను, కుడిచేతిని ఎడమచేత్తో తుడిచాను. పది వేళ్ళూ పాలు పంచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే పిలుపు వచ్చింది. "రాజేశ్వర్ రావ్ ఎవరు? జల్ది రండ్రి!"

కౌంటరు దగ్గర ఒక క్లర్కు. కళ్ళజోడు మీద నుంచి చూసే రకం. కోటు బొత్తాలు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని దర్జాగా వెళ్ళాను. "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

"సంతకం తర్వాత. ముందుగాల బొటనవేలు పెట్టు."

నా చెవుల్ని నేను నమ్మలేదు. "వేలిముద్రా? అమ్మా, నేను చదువుకున్నవాణ్ణి. మా ఇంట్లో వేలిముద్ర వేసినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు."

"ఎంత సదువుకున్నా గిదే మిషను. కలెక్టరొచ్చినా గిదే. పెట్టు సారూ, లైనున్నది."

"ఇది అవమానం!"

"పెట్టండి బాబూ, పదకొండున్నర!" వెనక నుంచి కోటేశ్వరరావుగారు.

అవమానాన్ని దిగమింగి బొటనవేలు పెట్టాను. చిన్న గాజుబిళ్ళ. యంత్రం ఎర్రదీపం వెలిగించి కీచుమంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ కీచు. చూపుడువేలు. కీచు. మిగతా వేళ్ళను కూడా వరసగా పరిచయం చేశాను. ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. క్లర్కు కళ్ళజోడు సర్దుకుని గాజుబిళ్ళ వైపు చూసింది. అది కాటుక భరిణెలా ఉంది.

"అయ్యో! ఏందయ్యా గిది? ఏం పూసినవ్ నా మిషనుకు?"

"సిరా. వాటర్‌ప్రూఫ్," అన్నాను. ఆ మాట ఎందుకంత గర్వంగా అన్నానో నాకే తెలియదు.

ఆమె చేతిరుమాలుతో తుడిచింది. గాజు మీదున్న సిరా చుట్టూ పాకింది. శానిటైజర్ పోసింది. సందుల్లోకి దిగింది. ఆమె తన వేలు పెట్టి చూస్తే యంత్రం ఆమెను కూడా ఎవరో అనుకుంది. రోజూ చూసే మనిషిని!

"మిషను ఖరాబైంది!" అని ఆమె హాలంతటికీ చాటింది. "గీ కోటు సారు చేసిండు!"

వెనకున్న పెళ్ళికొడుకులంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. "ఏం పరేషాన్ అన్నా నీతోని? మా పెండ్లి సుత ఆపుతవా?" అన్నాడొకడు, బాసికం సర్దుకుంటూ. వాడి అత్తగారు నన్ను చూసి మెటికలు విరిచింది.

ఈలోగా నేను బయట కుళాయి దగ్గరికి పరిగెత్తి చేతులు తోమాను. సిరా కదిలితేనా! సీసా మీద రాసినవాళ్ళు నిజాయితీపరులు. చివరికి నా చేతుల ఫొటో తీసి మా పెన్నుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: 'అత్యవసరం. నా పెళ్ళి ఆగిపోయేలా ఉంది. ఇది ఎలా పోతుంది?'

జవాబులు వానలా కురిశాయి. 'ఆహా, ఏం నలుపు!' 'చూపుడువేలి మీద షేడింగు అద్భుతం.' 'సార్, ఇది ఏ షాపులో దొరుకుతుంది?' 'పాళీ సన్నమా, మధ్యరకమా?' యాదగిరి అన్న మాత్రం ఒక్క ముక్క రాశాడు: 'కక్కిందా?'

అలాంటి మనుషులతో నేను టీ తాగుతున్నాను!

లోపలికి వచ్చేసరికి పన్నెండుకు ఇంకా కొంచెమే ఉంది. కోటేశ్వరరావుగారు ఫోన్ చేతిలో పట్టుకుని, గుంటూరుతో మాట్లాడబోయే మొహంతో నిలబడ్డారు. సునంద ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని తన బ్యాగులో వేసుకుంది. ఆ క్షణంలో ఆమె మా ముత్తాతగారికంటే గంభీరంగా కనిపించింది.

"మేడం, మిషను రాకముందు ఏం చేసేవాళ్ళు?" అని క్లర్కును అడిగింది.

క్లర్కు లోపలికెళ్ళి అధికారిని అడిగి వచ్చింది. "సారు ఒప్పుకుండు. పాత పద్ధతిల కాగితం మీద ముద్రలేసుడే." సొరుగంతా గాలించి ఒక స్టాంపు ప్యాడ్ తీసింది. అది నిన్నటి రొట్టెలా ఎండి, అంచులు లేచిపోయి ఉంది. హాలంతా నిట్టూర్చింది.

అప్పుడు సునంద నా సంచి వైపు చూసింది. నేను సంచిని గుండెకు హత్తుకున్నాను. "వద్దు. అది సంతకాల సిరా!"

"ఏవండీ," అంది. అంతే అంది. సీసా ఇచ్చేశాను.

నెలల తరబడి వెతికి తెప్పించుకున్న సిరాను ఆ క్లర్కు ప్యాడ్ మీద పప్పుపులుసులా గుమ్మరించింది. మేం ముద్రలు వేశాం. మా తర్వాత బాసికం కుర్రాడు వేశాడు, అతని పెళ్ళికూతురు వేసింది, మెటికలు విరిచిన అత్తగారు సాక్షిగా వేసింది. అలా వరసంతా బొటనవేళ్ళు నా సిరాలో ముంచుకుంటూ పోయింది. ఒక్కరైనా 'బాగుంది సిరా' అన్నారా? అనలేదు.

ఇక సంతకం. తాతగారి పెన్ను తీసి, వెన్ను నిటారు చేసి, కాగితం మీద ఆనించాను. గీత పడలేదు. ఉన్నదంతా చొక్కా తాగేసింది. సీసా ఖాళీ.

"ఇదిగో బాబూ, కానివ్వండి!" అని మామగారు జేబులోంచి ఒక బాల్ పెన్ను తీసిచ్చారు. పురుగుమందుల కంపెనీవాళ్ళు ఊరికే పంచిపెట్టినది. దాని ఒంటి మీద పచ్చటి పురుగు బొమ్మ, వెల్లకిలా పడి ఉంది. చెరువు తూములు తెరిపించిన వంశంవాణ్ణి, ఆ పురుగును పట్టుకుని నా పెళ్ళి సంతకం పెట్టాను. వర్జ్యం రాకముందే అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి ధ్రువపత్రం ఇచ్చాడు. మా ఫొటోలు, మా సంతకాలు, మా నల్లటి వేలిముద్రలు, ఆయన పచ్చ సంతకం.

భోజనాల దగ్గర సునంద వాళ్ళ పెదనాన్న మా వేళ్ళు చూసి, "ఇవాళ ఇక్కడ ఎలక్షన్లా? నాకెవరూ చెప్పలేదే!" అన్నారు. నేను గారె తిన్నాను.

ఇక్కడితో అయిపోయింది అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను.

వచ్చిన ఆదివారం మా పెన్నుల సభకు ధ్రువపత్రం పట్టుకెళ్ళాను. పెళ్ళి సంగతి చెప్పడానికే. యాదగిరి అన్న కళ్ళజోడు పెట్టుకుని వేలిముద్రను పరీక్షగా చూశాడు.

"ముద్ర మంచిగనే పడ్డది. గని వాటర్‌ప్రూఫ్ అంటున్నవు, నువ్వు సూసినవా? సీసా మీద ఏదన్న రాస్తరు."

"నా చేతులు చూడండి. వారం నుంచి తోముతున్నాను."

"తోలు ఏరు, కాగితం ఏరు దొరా. కాగితం మీద నిల్వది."

నాకు ఒళ్ళు మండింది. "నిలవదా? చూస్తారా?" అని గ్లాసులో నీళ్ళు తీసి, అందరూ చూస్తుండగా నా పెళ్ళి ధ్రువపత్రం మీద ధారగా పోశాను.

నా వేలిముద్ర చెక్కుచెదరలేదు. సునందదీ చెదరలేదు. పురుగుమందుల సంతకం కూడా, సిగ్గులేకుండా, అలాగే ఉంది. అధికారిగారి ఆకుపచ్చ సంతకం మాత్రం ముందు మెత్తబడి, తర్వాత సాగి, మా ఫొటోల మీదుగా పారి, టేబుల్ అంచు దాకా వచ్చి యాదగిరి అన్న ప్యాంటు మీద చుక్కలు చుక్కలుగా పడింది.

ఆయన ప్యాంటు దులుపుకుంటూ అన్నాడు: "నువ్వు గెలిచినవ్ దొరా. మంచి ఇంకు."

ఇంటికి వెళ్ళాక సునంద ఆ పచ్చటి కాగితాన్ని చాలాసేపు వెలుగులో పట్టుకుని చూసింది. "ఇప్పుడు మనకి పెళ్ళయినట్టా, కానట్టా?" అంది. వేలిముద్రల ప్రకారం అయినట్టే అన్నాను. ఆమె నవ్వలేదు.

మర్నాడు నకలు కోసం మళ్ళీ అదే ఆఫీసు, అదే క్లర్కు. నన్ను గుమ్మంలో చూడగానే కొత్త యంత్రం మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఆగు సారూ, గాడ్నే ఆగు! ముందుగాల చేతులు సూపెట్టు." తర్వాత కొత్త కాగితం సునందకు ఇస్తూ, "అమ్మా, ఆయన చేతికియ్యకు," అంది. భార్యాభర్తల మధ్య ప్రభుత్వం జోక్యం ఇంతవరకు వచ్చింది!

కాబట్టి పాఠకులారా, మీరందరూ సాక్షులుగా, తాతగారి పెన్ను మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: నా పెళ్ళి ధ్రువపత్రం మీద ఈ జన్మలో నీళ్ళు పోయను, పోయనివ్వను. ఎవరెంత రెచ్చగొట్టినా సరే.

ఈ ప్రమాణం వల్ల ఉపయోగమేమీ లేదని సునంద అంటోంది. ఆ కాగితం ఏ.ఎస్. రావు నగర్‌లో మామగారి బీరువాలో ఉంది. తాళం ఆయన మొలలో ఉంది.