పచ్చ దీపం ఆరేదాకా

సబ్బుపెట్టె మీద చేతి వెనకభాగం ఆనించి చూశాను. వెచ్చగా ఉంది, భయపడేంత వేడేమీ కాదు. పొద్దున్నుంచి పాటలు వినిపిస్తున్న యంత్రానికి ఆ మాత్రం ఒళ్ళు కాగడం న్యాయమే. పెట్టెలో ఉన్నది అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు. ఒక తీగ టీవీకి, ఒక తీగ కరెంటుకి. సూరత్ లింబాయత్‌లోని మా ఇరుకు గల్లీలో వైఫై అందినంత మేర, ఇంటర్నెట్ ఉన్నా లేకున్నా, ఎవరి ఫోన్లోనైనా దీనిలోని పాటలు వస్తాయి. ఈ సంగతి చెబితే చదువుకున్నవాళ్ళు కొందరు "ఈ వయసులో మీకివన్నీ ఎందుకండీ" అంటారు. నా వయసుకూ దీనికీ ఏమిటి సంబంధం? బోర్డు నా ఆధార్ కార్డు అడగలేదే! మూడో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుంటూ చదువు నేర్చినవాణ్ణి. నాకేది తగునో తగదో ఎదుటివాడు తేల్చడమంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట.

ఒక్క మనిషి చెబితే మాత్రం విన్నాను. ఆయన పేరు నర్సయ్య. సూరత్ కార్ఖానాల్లో కరెంటు మగ్గాలను తెలంగాణ నుంచి వచ్చిన మావాళ్ళు సాంచెలంటారు. వాటిని బాగుచేసేవాణ్ణి మాస్టర్ అంటారు. నేను పనిలో చేరిన మొదటి రోజే, మోటారు ఎంత కాగిందో చూద్దామని అరచెయ్యి పెట్టబోతే, మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. "అరే, గిట్ల గాదు. కరెంట్ తగిలితే చెయ్యి ముడుసుకుంటది. అరచెయ్యి పెడితే దాన్నే పట్టుకుంటవు. ఎనక దిక్కు పెట్టు, చెయ్యే దూరం వోతది." అంత పెద్ద సంగతిని అంత చిన్నగా చెప్పినవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు.

రెండో పాఠం మెయిన్ స్విచ్చి. షిఫ్టు అయ్యాక అందరికన్నా చివర బయటికి వచ్చేవాడు గోడమీది మెయిన్ కిందికి దించాలి. మెయిన్ కొట్టడమంటే అదే. ఒకసారి నేను దించకుండా టీ తాగడానికి పోయాను. అప్పటిదాకా లేని కరెంటు ఉన్నట్టుండి వచ్చింది. ఖాళీ షెడ్డులో సాంచెలన్నీ వాటంతట అవే ఆడసాగాయి. మాస్టర్ పరుగెత్తి ఆపేసరికి సగం బట్ట పాడైంది. ఆయన నన్ను తిట్టలేదు. వారం రోజులు, అందరూ చూస్తుండగా, షెడ్డులోకి పోయిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ నా చేత మెయిన్ ఎక్కించి దింపించాడు. "నీకు యాదుంటే చాలదు లింగా, నీ చేతికి యాదుండాలె" అన్నాడు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఎక్కడ కనబడినా ఆయన పలకరింపు ఒకటే: "లింగా, మెయిన్ కొట్టినవా?" బాగున్నావా అన్న మాట ఆయన నోట నేను వినలేదు. నా పెళ్ళిపీటల దగ్గరికి వచ్చి కూడా ఇదే అడిగాడు.

ఆయనకు చదువు రాదు. టీ విరామాల్లో అట్టపెట్టెల మీద సుద్దతో నేనే ఆయనకు తెలుగు అక్షరాలు దిద్దించాను. ఎంత దిద్దించినా ఆయన రాత మాత్రం సాంచె విప్పి పరిచిన సామాన్లలాగే ఉండేది. అయినా కూడబలుక్కుని చదివేవాడు. పనిలోంచి దిగిపోయాక ఫోన్లో హిందీ వీడియోలు చూసి ఇంకా ఏవేవో నేర్చాడు. అలాగే ఒకరోజు, కార్ఖానాలో బట్ట మీటర్లు లెక్కపెట్టడానికి తెచ్చి మూలన పడేసిన బోర్డును అడిగి తెచ్చుకుని, మా గదికి వచ్చాడు. మా టీవీ కిటికీలోంచి గల్లీకంతటికీ కనిపిస్తుందని ఆయన ఎంపిక.

"ఏంది మాస్టర్ ఇది?"

"కంప్యూటర్."

"మజాక్ జేస్తున్నవా? తెర ఏది దీనికి?"

"నీ టీవీయే తెర. నోరు బంద్ జేసి వైరు వట్టు."

మా ఆవిడ రాజవ్వ గడపలో కూర్చుని, బొంగురు గొంతుతో, "అన్నా, మీరిద్దరు గలిసి ఉన్న టీవీ గూడ ఖరాబ్ జేసేటట్టున్నరు" అంది. ఆ గొంతు గురించి చెప్పాలి. ఒకప్పుడు బతుకమ్మ నాడు రాజవ్వ పాట ఎత్తుకుంటే గల్లీ ఆడవాళ్ళంతా ఆమె వెనక నడిచేవారు. ఏళ్ళ తరబడి కండెలు చుడుతూ నూలుదుమ్ము మింగిన గొంతు అది. చివరికి మాట మిగిలింది, పాట పోయింది. అప్పటినుంచి బతుకమ్మ నాడు ఆమె గడప దాటదు. పక్క గల్లీ గర్బా పాటల స్పీకరు డబ్బాల మోతకు తలుపు కూడా వేసేస్తుంది.

మాస్టర్ సంచిలోంచి ఒక పాత క్యాసెట్టు తీశాడు. ఎన్నో ఏళ్ళ కిందట, బతుకమ్మ నాటి సాయంత్రం, మా గడపలోనే కూర్చుని ఆయన రికార్డు చేసిన పాట, రాజవ్వ పాట. టేపురికార్డరు నుంచి బోర్డుకు తీగ కలిపి, చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని, ఆయన ఒక్కడే విన్నాడు. పాట బోర్డులోని చిన్న మెమరీ కార్డు మీదికి చేరింది. ఇంకోసారి తిప్పబోతే టేపు చిక్కుపడి ముక్కలైంది. "పోతే పోనీ, పాట దీంట్లకొచ్చింది" అన్నాడు. రాజవ్వ అప్పుడే వినిపించమంది. "సద్దుల నాడు, గల్లీల ఆడుకుంట ఇందువు చెల్లే" అన్నాడాయన. సద్దులంటే బతుకమ్మ ఆఖరి రోజు. మర్నాడు ఆమె పెట్టె అడుగునున్న చీర తీసి ఎండలో వేసింది.

రోజూ సాయంత్రం మాస్టరే వచ్చి బోర్డును ఆపేవాడు. సద్దులకు మూడు వారాల ముందు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని, ఊళ్ళోనే ఉన్న వడోద్‌లో కూతురింటికి చేరాడు. పోతూ పోతూ నాకు అప్పగింతలు పెట్టాడు. ముందు టీవీ తెర మీద బంద్ నొక్కాలి. బోర్డు మీద పచ్చ దీపం కొట్టుకుంటుంది. అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఆ తరువాతే కరెంటు తియ్యాలి. నాకు మండింది. నలభై ఏళ్ళు ఇనుప సాంచెల్ని ఒక్క దెబ్బకు ఆపినవాణ్ణి, సబ్బుపెట్టెలో పట్టేదాన్ని ఆగమ్మా ఆగమ్మా అని బతిమాలాలా? ఆ సాయంత్రం గది బయటికి పోతూ, నేను ఆలోచించేలోపే నా చెయ్యి టీవీ పక్కనున్న మెయిన్ దించేసింది. మర్నాడు బోర్డు చక్కగా లేచింది. రెండు వారాలకు పైగా అలాగే దించాను, అలాగే లేచింది. మాస్టర్‌కు చాదస్తం పట్టిందని తీర్మానించాను.

సద్దులకు రెండు రోజుల ముందు టీవీ నిండా నల్లటి తెర, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. నాకు అర్థమైన మాట ఎర్రర్ ఒక్కటే. తప్పు నాది కాదని మాత్రం వెంటనే తేల్చుకున్నాను. బోర్డును తువ్వాలులో చుట్టుకుని స్టేషన్ దగ్గరి కొట్టుకు పోయి, ఇలాంటి నాసిరకం సరుకు తయారుచేసేవాళ్ళను నిలబెట్టి అడగాలని ఉపన్యాసం ఇచ్చాను. కొట్టతను ఓపిగ్గా విని, వేరే కార్డు పెట్టి చూసి, "కాకా, బోర్డ్ బరాబర్ ఛే. కార్డ్ గయు" అన్నాడు, బోర్డు బాగానే ఉంది, కార్డే పోయిందని. రోజూ ఎలా బంద్ చేస్తారని అడిగాడు. "ఎలాగేమిటి, మెయిన్ కొట్టి!" అని గర్వంగా చెప్పాను. అతను నవ్వలేదు. అదే నన్ను చంపేసింది. కార్డు ఏదో రాసుకుంటున్నప్పుడు కరెంటు తీసేస్తే రాసినదంతా చెడిపోతుందని, పసివాడికి చెప్పినట్టు చెప్పాడు. దానిమీద ఉన్నది ఇక రాదట.

ఇంటికి వస్తే రాజవ్వ గడపలో ఉంది. నా తువ్వాలు మూట చూసింది.

"నా పాట ఉన్నదా, పోయిందా?"

వెనక్కి తిరిగి వడోద్ ఆటో ఎక్కాను.

మాస్టర్ మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. నన్ను చూడగానే, "లింగా, మెయిన్ కొట్టినవా?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాటకు నా తల వంగింది.

"కొట్టిన మాస్టర్. రోజు కొట్టిన. పాట పోయింది."

ఆయన మంచం ఊగేలా నవ్వాడు. "కొట్టకుంట ఎట్లుంటవు రా? ఆ చెయ్యి తయారు జేసిందే నేనైతి!" దిండు కింద చెయ్యి పెట్టి జర్దా డబ్బీ తీశాడు. అందులో అదే పాట ఎక్కించిన ఇంకొక కార్డు ఉంది. "సాంచె నడిపేటోడు నూలు మోసే నాడె జోడు పెట్టుకోడా? ఒకటి విరిగితె ఇంకోటి" అన్నాడు. కార్డుకు చుట్టిన కాగితం విప్పాను. నేను దిద్దించిన వంకర అక్షరాలు: 'లింగడు మెయిన్ కొట్టినంక పెట్టాలె.'

నాకు కోపం రావాలి, న్యాయంగా. రాలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సద్దుల నాడు మాస్టర్‌ను ఆటోలో తెచ్చి, గల్లీలో కుర్చీ వేసి, కట్టు కట్టిన కాలికి స్టూలు పెట్టాం. పొద్దు వాలుతుండగా పాట మొదలైంది. రాజవ్వ గడపలోంచి, "ఎవతే అది, గంత గట్టిగ మొత్తుకుంటున్నది?" అంది. అంటూనే లేచింది. ఎండలో వేసిన చీర కట్టుకునే ఉంది. మెల్లగా పోయి వరసలో కలిసింది. తన పాటకు తానే చప్పట్లు కొడుతూ తిరుగుతోంది, పెదవులు కదులుతున్నాయి. సరిగ్గా పాట మధ్యలో, టీవీ పగిలేట్టు, మాస్టర్ గొంతు: "లింగా, మెయిన్ కొట్టినవా?" నాటి సాయంత్రం ఒళ్ళో టేపు తిరుగుతోందని మరిచి, షెడ్డు నుంచి వస్తున్న నన్ను పలకరించాడన్నమాట! గల్లీ అంతా విరగబడి నవ్వింది. "నా పాట నడుమ గూడ నీ మెయినేనా అన్నా!" అని రాజవ్వ ఆయన మీదికి పూలు విసిరింది.

మాస్టర్ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు నా దగ్గర ఒకే పాట మూడు కార్డుల మీద, మూడు డబ్బీల్లో ఉంది. ఆ కాగితం సబ్బుపెట్టె మూతకు లోపలివైపు అంటించాను. రోజూ బంద్ నొక్కి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి, పచ్చ దీపం ఆరేదాకా చూసి, అప్పుడు మెయిన్ దించుతాను. చేతులు కట్టుకోకపోతే నా చేతికి ఇంకా పాతదే గుర్తు.

ఈ సాయంత్రం రాజవ్వ ఆ పాట పెట్టమంది. పెట్టాను. పాట సగానికి వచ్చింది. ఇద్దరం మాట్లాడటం ఆపేశాం, ఎక్కడ వస్తుందో తెలుసు కనుక. వచ్చింది.

"లింగా, మెయిన్ కొట్టినవా?"

"ఇంకా కొట్టలే మాస్టర్" అన్నాను. "నీ చెల్లె పాడుతున్నది."