ఉరుకుందమ్మ తోబుట్టువులు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో చీరలు నేసే ఉరుకుందమ్మకు నలభై ఆరేళ్లకే గుండె రక్తనాళం మూసుకుపోయింది. కర్నూలులో స్టెంటు వేశాక డాక్టరు శివాని ఆమె మంచం పక్కన కూర్చుని అడిగింది.

"మీ అమ్మకో నాన్నకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిందా?"

"తెలీదమ్మా. నన్ను పెంచినోళ్లు దేవుళ్లు. కన్నోళ్లెవరో ఎరగను. పురిటిలోనే ఇచ్చేసినారంట."

డాక్టరు ఆమె చేయి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. కొందరికి కన్నవాళ్ల నుంచి జన్యువుల్లో ఒక తేడా వస్తుందట. దానివల్ల రక్తనాళాల లోపల వాపు పెరిగి, కొవ్వు పేరుకుంటుందట. తోబుట్టువులుంటే వాళ్లూ పరీక్ష చేయించుకోవాలట.

తోబుట్టువులన్న మాట దగ్గరే ఉరుకుందమ్మ మనసు ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

"నా రగతం చూస్తే వాళ్లు యాడుండారో తెలుస్తాదా తల్లీ?"

"ఈ పరీక్షలో అది తెలియదమ్మా."

పక్క మంచం నాగలక్ష్మమ్మ నవ్వింది. "రగతంలో ఊరి పేరు గూడా రాసుంటాదనుకున్యావా, పిచ్చిదానా!" అంటూనే తన ఫ్లాస్కులోని టీ గ్లాసులో పోసి అందించింది.

ఉరుకుందమ్మ టీ పక్కన పెట్టి, ఈరన్నస్వామిని తలచుకుని చేతులు జోడించింది.

"స్వామీ, నాకో అన్న ఉంటే, ఆయప్ప యాడున్నా సరే, నొప్పి రాకముందే ఇట్లాంటి డాక్టరమ్మను చూపించు. నేనొకదాన్ని ఉండానని ఆయప్పకు తెలియకపోయినా పర్వాలేదు."