ఎర్ర పొట్టు మీద చెంబెడు నీళ్లు

2023 వేసవి. బోగోలు దగ్గర, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక చిన్న ఎక్స్‌ట్రాక్షన్ యూనిట్‌లో ట్యాంకుల పని నాది. వేరుశనగ పప్పు మీదుండే పల్చటి ఎర్ర పొట్టు మా ముడిసరుకు. దాన్ని నీళ్లు కలిపిన ఎథనాల్‌లో, తాగేవాళ్ల భాషలో సారాయిలో, గోరువెచ్చగా నానబెడతాం. పొట్టులోని పాలీఫినాల్స్ అనే మేలు చేసే పదార్థాలు అందులోకి దిగుతాయి. వడగట్టి, ఎథనాల్‌ను ఆవిరిగా వెనక్కి తీసుకుంటే ముదురు ఎర్రటి పొడి మిగులుతుంది. క్యాప్సూల్స్ చేసే కంపెనీలు దాన్ని కొంటాయి. ఎనిమిదో తరగతి సైన్సు పరీక్షకు భయపడి బడి మానేసినవాణ్ణి నేను. చివరికి ఆ సైన్సే పిలిచి కూడు పెట్టింది. దానికి నా మీద కోపం లేదన్నమాట.

మాకు పొట్టు ఇచ్చేది రూతక్క. చిక్కీలు చేసే షెడ్డు ఆమెది. పప్పు వేయించి, నలిపి, చెరిగితే వచ్చే పొట్టు అంతకుముందు గేదెల పాలయ్యేది. ఈకకన్నా తేలిక. మధ్యాహ్నం గాలి తిరిగిందంటే, సంచికెత్తేలోపు సగం పక్కింటి కూరలో ఉంటుంది.

ఒకరోజు సంచుల కోసం వెళ్లేసరికి రూతక్క తలంతా ఎర్రగా ఉంది.

“ఏందక్కా, సరుకంతా నెత్తిన పెట్టుకోని పంపుతుండావా?”

“నవ్వబ్బయ్యా, నవ్వు. నువ్వొచ్చి చెరుగు ఈ గాలికి, తెలుస్తాది.”

“కాసిని నీళ్లు చిలకరించు. అణిగి కూర్చుంటాది.”

గాలికి ఏది ఎగిరినా ఇక్కడ మేం చేసేది అదే. అన్నాను, మరిచిపోయాను.

ఆ తర్వాత పంపిన పొడి మీద కంపెనీ ల్యాబు రిపోర్టు వచ్చింది: అఫ్లాటాక్సిన్. చెమ్మ తగిలిన గింజల్లో బూజు పుట్టించే విషం అది, కాలేయానికి చేటు. ఎథనాల్‌కు మంచీ చెడూ తెలియదు. మేలు చేసేదాన్ని లాగినట్టే దాన్నీ లాగేసింది. మా యజమాని ప్రసాద్ గారు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఆ షెడ్డు సరుకు ఇంక వద్దు రమణా.”

నీళ్ల మాట ఆ నిమిషమే గుర్తొచ్చింది. “సరే సార్” అని మాత్రం అని బయటికొచ్చాను. చెమ్మ చూపే మాయిశ్చర్ మీటర్ యూనిట్‌లో ఉంది. వేయించిన పొట్టుకు చెమ్మేమిటని దాన్ని పెట్టెలోంచి తీయలేదు నేను. సంచి మూతి దగ్గర వాసన చూసి ట్యాంకులోకి పంపేవాణ్ణి. తడి అడుగున ఉండేది.

రెండు రోజులు కుదురు లేదు. ఖాళీ ట్యాంకు మూత తీయడం, వేయడం. గోడౌన్‌కి వెళ్లడం, ఎందుకొచ్చానో తెలియక తిరిగి రావడం.

“కాళ్ల కింద నిప్పులుండాయా? కూర్చోని తిను,” అంది మా ఆవిడ. నిలబడే తిన్నాను.

మూడో రోజు పొద్దున రూతక్క షెడ్డుకు వెళ్లాను. ప్రసాద్ గారు ముందే ఫోన్ చేసి బూజు సంగతి చెప్పేశారట.

“మరియమ్మను మానుకోమన్నానబ్బయ్యా,” అంది రూతక్క. “మూటలు కట్టేది ఆమే గదా. తడి చేతుల్తో ముట్టుకోని ఉంటాది.”

మరియమ్మ గుమ్మం దగ్గర టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. ఏ సందర్భానికైనా నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ పూట లేదు.

“ఆమె కాదక్కా. నీళ్లు చల్లమన్నది నేను.”

రూతక్క చేతిలో చాట కింద పెట్టింది. “అవును, నువ్వే చెప్పినావు. రోజూ చెంబెడు చల్లినా. సరుకు తెలిసినోడు చెప్పినాడు, వాళ్లకి అట్టనే కావాల్నేమో అనుకున్నా.”

“తప్పు నాది మరియమ్మా.”

“ఆ మాట చెప్పేదానికి మూడు రోజులు పట్టిందా అన్నా?” అందామె.

నేరుగా ప్రసాద్ గారి దగ్గరికెళ్లి మొత్తం చెప్పాను.

“మరి రెండు రోజులు ఏం చేసినావు?”

“నానినాను సార్.”

ఆయన నవ్వలేదు. ఆ పొడి డ్రమ్ములన్నీ తగలబెట్టించారు, నా చేతే మోయించి. రూతక్క పొట్టు కొత్త శాంపిల్ ల్యాబులో నెగ్గాకే మళ్లీ తీసుకున్నాం. ఇప్పుడు ఆ షెడ్డులో దోమతెర కట్టి, దాని లోపల కూర్చుని చెరుగుతారు. మరియమ్మ పనిలోనే ఉంది, ఆ ఉపాయం ఆమెదే.

మీటర్ కడ్డీని ప్రతి సంచి అడుగుదాకా దించుతాను. అది సులువుగానే అలవాటైంది. అలవాటు కానిది ఇంకొకటుంది, మాట అనేముందు ఆగి చూసుకోవడం. పని తెలిసినవాడు నవ్వుతూ ఏదన్నా, వినేవాళ్లు దాన్ని పనిగానే చేస్తారు.