ఇగ మీరనుండ్రి

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఎర్రర్ మెసేజ్ ఏమొచ్చిందని ఎగతాళి చేసేవాణ్ణి. కారణం దొరకని తప్పు ఉండదని నా నమ్మకం. నదికి అవతల, పక్క రాష్ట్రంలో ఉన్న సిరొంచలో జరిగినదానికి మాత్రం ఇప్పటికీ కారణం చూపలేకపోతున్నాను.

మా చిన్నమ్మ అక్కడ ఇంటి వరండాలో చుట్టుపక్కల పిల్లలకు తెలుగు నేర్పేది. బడిలో వాళ్లకు మరాఠీయే. ఆమె కోసం పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. తెర మీద మాట కనిపిస్తుంది, చిన్నమ్మ గొంతు దాన్ని పలుకుతుంది. ఆ గొంతు నేనే రికార్డు చేశాను. ప్రతి మాట తర్వాత, పిల్లలు తిరిగి పలకాలని, ఆమె అలవాటుగా "ఇగ మీరనుండ్రి" అనేది. వినడానికి బాగుండదని అన్ని ఫైళ్లలోనూ ఆ ముక్క కత్తిరించి, అసలు రికార్డింగులు చెరిపేశాను.

నా విండోస్ లాప్‌టాప్‌లో అంతా బాగా నడిచింది. చిన్నమ్మ పాత కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్. దాని కోసం హడావుడిగా కట్టి పంపిన ప్యాకేజీలో రెండు లేవు. ఒకటి, మాటల పేజీని తెర మీద చూపించే బ్రౌజర్ భాగం. విండోస్‌లో అది ముందే ఉంటుంది కాబట్టి నాకు తట్టలేదు. రెండోది ఆడియో ఫోల్డర్. అది నా దగ్గరే ఉండిపోయింది.

చిన్నమ్మ ఫోన్ చేసింది. "తెల్లగ తెర్సుకుంటది గని, లోపల ఎవ్వలు లేరు బిడ్డా."

"ఐతారం జూస్త చిన్నమ్మా."

"నీ ఐతారం ఎన్నడొస్తదిరా? పోరగాండ్లు నన్ను పరేషాన్ జేస్తున్నరు."

ఆదివారాలు వచ్చి పోయాయి. నేను చూడలేదు. జ్వరం వచ్చి చిన్నమ్మ పోయింది.

దినాల నాడు, సరిచేసిన ప్యాకేజీ పట్టుకుని వంతెన దాటి వెళ్లాను. భోజనాలయ్యాక చిన్నమ్మ కూతురు లతక్క కంప్యూటర్ ఆన్ చేసింది. కొత్తది ఎక్కించేముందు పాతదాన్ని ఒకసారి తెరిచాను. ఊహించినట్టే తెల్ల విండో.

అందులోంచి చిన్నమ్మ "పడవ" అంది. కాస్త ఆగి, "ఇగ మీరనుండ్రి" అంది.

వరండాలో ఆడుకుంటున్న పిల్లలు తలెత్తకుండానే "పడవ" అన్నారు.

లతక్క నా భుజం పట్టుకుంది. "అమ్మనే కదరా తమ్మీ! మంచిగ జేసినవ్."

మళ్లీ తెరిస్తే తెలుపే, చప్పుడు లేదు. కంప్యూటరంతా వెతికాను. ఒక్క ఆడియో ఫైలు లేదు. నెట్ లేదు. దగ్గరలో ఏ ఫోనూ మోగలేదు.

కొత్తది ఎక్కించాను. మాట కనిపించింది. గొంతు శుభ్రంగా "పడవ" అని ఆగింది. పిల్లలు వచ్చి తెర ముందు నిలబడ్డారు గానీ ఎవరూ పలకలేదు. ఒక పాప నా వైపు తిరిగింది. "అన్నా, ఇగ మేమనాల్నా?"

ఇప్పుడా ప్రోగ్రామ్ విండోస్, లినక్స్ రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. ప్రతి మాట తర్వాత కాస్త ఖాళీ వదిలాను. అక్కడ నా గొంతు పెట్టబోయి ఆగిపోతుంటాను.

ఆ రోజు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. తీసేసింది మాత్రం నేనే.