సూర్యుడు కనపడని వార్డు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లుంటాయేమో, మూత్రపు సంచిలో రాయి అని మా తాతయ్యను శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చారు. మాది పాతపట్నం దగ్గర పల్లె. ఒంట్లో కాస్త బలం పుంజుకుంటే గాని ఆపరేషన్ చెయ్యనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఈయనేమో ముద్ద ముట్టడు.

ఆ నాలుగు రోజులూ గంజి గిన్నె చుట్టూ మా ఇంటిల్లిపాదీ చేసిన రభస తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాయనమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. నర్సుల ముందు పరువు పోతోందని నాన్న పళ్లు నూరాడు. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ రొట్టె ముక్క నోటి దగ్గర పెట్టి, నాలుగు నీతులు చెప్పి పోయాడు. తాతయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. చావాలనే మొండికేశాడని అందరూ ఖాయం చేసేసుకున్నారు.

మధ్యాహ్నం పూట ఒక తెల్లచీర ఆవిడ మంచం మంచానికీ తిరిగేది. చర్చి తరఫున వచ్చి రోగుల దగ్గర కూర్చునేది, కావాలన్నవాళ్లకి ప్రార్థన చేసేది. ఆవిడ కనిపిస్తే నాయనమ్మ ముఖం తిప్పుకునేది. మన దేవుణ్ణి మార్చేస్తుందని ఆమె భయం. నాలుగోనాడు నాయనమ్మ మందులకి వెళ్లినప్పుడు ఆవిడ వచ్చి తాతయ్య పక్కన కూర్చుంది. తినమని అనలేదు. ఒక్క మాట అడిగింది.

“ఇంటికాడ అన్నం ముట్టే ముందు ఏటి సేత్తావన్నయ్యా?”

తాతయ్య ఇటు తిరిగాడు. “సూరీడికి నీళ్లొదుల్తానమ్మా. ఇక్కడ పొద్దుటి సూరీడే కనపడ్డు. ఆయనకి ఇవ్వకుండా నానెలాగ తింతాను?”

మా వార్డు కిటికీలన్నీ పడమటివైపే. మర్నాడు పొద్దున్నే ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి, తాతయ్యను చెయ్యి పట్టుకుని తూర్పు వరండాలోకి నడిపించింది. ఆయన అరసవల్లి సూర్యదేవుడికి నీళ్లొదిలి దణ్ణం పెట్టుకుంటుంటే, మెడలో శిలువతో ఆవిడ పక్కనే నిలబడింది. తిరిగొచ్చి తాతయ్య గంజి మొత్తం తాగాడు. ఆ రోజు ఆవిణ్ణి చూసి నాయనమ్మ ముఖం తిప్పుకోలేదు. పది రోజులకు ఆపరేషన్ అయ్యి తాతయ్య ఇంటికొచ్చాడు.

అందరూ సంతోషించారు. నాకు మాత్రం కోపం మిగిలింది, అదీ నా మీదే. ఇంటి దగ్గర రోజూ పొద్దున్నే తాతయ్య దోసిట్లో ఆ నీళ్లు పోసేది నేనే. ఆయన ఎందుకు తినడంలేదో ఆ వార్డులో ఎవరికైనా తట్టాల్సిందంటే అది నాకే. అయినా మంచం కోడు పట్టుకుని నేనూ అందరితో పాటు తిను తాతా, తిను తాతా అని నస పెట్టాను.

నాకిప్పుడు అరవై దాటాయి. ఆసుపత్రిలో ఎవర్ని చూడ్డానికి వెళ్లినా, ఇంటి దగ్గరైతే ఈపాటికి ఏం చేస్తుంటారని ముందు అడుగుతాను. ఈ పిచ్చి ప్రశ్నలేమిటని మావాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. తినమనడానికి ఊరంతా ఉంది. తిను అన్న మాట మాత్రం ఇంకోసారి నా నోట రాకూడదు.