ఉప్పు ఎక్కడికీ పోలేదు

పక్కింటి మావయ్య పోయారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. అత్త గోడ మీంచి కేకేసింది. నేను వెళ్ళేసరికి అయిపోయింది.

పదకొండో రోజు పెట్టే భోజనాల దగ్గర నాలుగు మాటలు చెప్పమని అత్త అడిగింది. సరేనన్నాను. ఆ సాయంత్రమే మా చర్చి సంఘ పెద్ద గుమ్మంలోకి వచ్చేడు.

"అన్యుడి కర్మలో నోరిప్పేవంటే ఇంక ఆదివారం ప్రసంగానికి మైకు ముట్టుకోకు. బాప్తిస్మం లేకుండా పోయినోడు. అతని గురించి సెప్పడానికి ఏటి మిగిలింది?"

ఏం మిగిలిందో రాస్తున్నాను. సంఘ పెద్ద కూడా చదువుకోవచ్చు.

మావయ్య చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా చదువంతా బైబిలే. ఓ సాయంత్రం అచ్యుతాపురం కంపెనీ బస్సులు ఆగే చోట మైకు పెట్టి, గ్లాసుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి తిప్పేను. "చూడండి! ఉప్పేదీ? మాయం! ప్రభువు మీ పాపాల్ని ఇలాగే మాయం చేస్తాడు!" అని అరిచేను. జనంలోంచి మావయ్య వచ్చి, గ్లాసందుకుని ఓ గుక్క పుక్కిలించి ఉమ్మేరు.

"నీ పాపాలింకా ఉప్పగానే ఉన్నాయి బాబూ."

జనం విరగబడి నవ్వేరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు నన్ను కిరాణా కొట్టుకి లాక్కెళ్ళేరు. నీళ్ళ గ్లాసూ, పక్కన ఉప్పు పొట్లమూ తక్కెడలో పెట్టి తూచేరు. ఆ ఉప్పు నీళ్ళలో కలిపి, ఖాళీ కాగితం కూడా పక్కనే ఉంచి మళ్ళీ తూచేరు. ముల్లు కదల్లేదు. "ఎక్కడికి పోతాది? కంటికి కనపడనంత చిన్నదై బొట్టుబొట్టుకీ పంచుకుపోయింది" అన్నారు. ఆ నీళ్ళు పళ్ళెంలో పోసి మా రెండిళ్ళ మధ్య గోడ మీద ఎండబెట్టేరు. మూడోనాటికి ఉప్పు తిరిగొచ్చింది.

"మీ పుస్తకంలో ఉప్పు మాట ఉందా?"

"'మీరు లోకానికి ఉప్పు' అన్నాడు ప్రభువు, మావయ్యా."

"అయితే ఆయనకి తెలుసు. నీకే తెలీదు."

తరవాతి ఆదివారం నా తప్పు మైకులోనే ఒప్పుకున్నాను. పాపాలకి వేరే ఉపమానం వెతుక్కున్నాను.

నా ప్రసంగాలు గోడవతల కూర్చుని వినేవారు. "ఆ అరుపులన్నీ చెంచా తిప్పడమేరా. తొందరగా కరుగుతాది గానీ, ఎక్కువ కరగదు. ఎక్కువ పంచదార కరగాలంటే నీళ్ళకి వేడి తగలాలి" అనేవారు, టీలో బెల్లం కలుపుకుంటూ.

ఆ వేడేమిటో నాకు విరేచనాలు పట్టుకున్న రోజున తెలిసింది. ప్రార్థన చేస్తున్నామని సంఘం కబురంపింది. మావయ్య కాచి చల్లార్చిన నీళ్ళలో పంచదారా, కొద్దిగా ఉప్పూ కొలిచి కలిపి, సాయంత్రందాకా చెంచాతో నా నోట్లో పోస్తూ కూర్చున్నారు.

నా పొరుగువాడెవడని అడిగినవాడికి ప్రభువు, దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకున్న పరాయి జాతి సమరయుణ్ణి చూపించేడు, సంఘ పెద్దని చూపించలేదు. మైకు తీసేసుకోండి. నా గొంతు దేవుడిచ్చింది. రేపు ఆ పందిట్లో మాట్లాడతాను.

మావయ్య పోయిన రోజునే అదే పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి అదే గోడ మీద పెట్టేను. ఇందాక వెళ్ళి చూసేను. నీళ్ళు లేవు. పళ్ళెం అంచు చుట్టూ తెల్లగా, పలుకులు పలుకులుగా, ఎండకి మెరుస్తూ ఉంది.